నవంబరు వార్తాలేఖ: చాక్లెట్ల సంగతి, ఇంకొన్ని

తల్లిదండ్రులందరికీ నమస్కారం.

బాలల దినోత్సవం నాడు బళ్ళో చేసిన చాక్లెట్లు తిని నలుగురు పిల్లలు ఆస్పత్రి పాలయ్యారని మన రాయగడ వాట్సాప్ గ్రూపుల్లో ఒకటే ప్రచారం. నిన్న సాయంత్రానికి ఆ నలుగురూ ఏడుగురయ్యారు. మజ్జిగౌరమ్మ గుడి దగ్గర ఒక పెద్దాయన నన్ను ఆపి మరీ "ఎవరికైనా సీరియస్‌గా ఉందా మాస్టారూ" అని అడిగారు. అందుకే ఈసారి ఉత్తరం దీనితోనే మొదలుపెడుతున్నాను. జరిగింది జరిగినట్టు చెప్తాను.

ఐదో తరగతి బాబు ఒకడికి జీడిపప్పు చాక్లెట్ తిన్న కాసేపటికి పెదవులు వాచాయి, మెడ మీద దద్దుర్లు లేచాయి. క్లాస్ టీచర్ చూడగానే ఆస్పత్రికి తీసుకెళ్ళారు. దారిలోనే ఇంటికి ఫోన్ చేశాం. మందిచ్చి, సాయంత్రం దాకా కనిపెట్టుకుని ఉండి, పంపేశారు. మర్నాడు ప్రేయర్లో వాడు ముందు వరసలోనే ఉన్నాడు. ఆ రోజు ఆస్పత్రికి వెళ్ళింది వాడొక్కడే. మిగతా ఆరుగురూ ఎవరో ఆ మెసేజీలు రాసినవాళ్ళకే తెలియాలి.

వాళ్ళమ్మగారు ఆస్పత్రిలో అన్న మాట ఇక్కడ రాయడానికి ఒప్పుకున్నారు, అందుకు ఆవిడకి కృతజ్ఞతలు. "కాజూ బర్ఫీ తిన్నప్పుడల్లా గొంతు దురద అనేవాడండీ, తినకుండా ఉండడానికి వంక అనుకున్నాం" అన్నారావిడ. జూన్‌లో మీ అందరికీ ఆరోగ్య ఫారం పంపాం. అందులో "పిల్లలకి పడని ఆహారం" అని ఒక గడి ఉంది. సగానికి పైగా ఫారాల్లో ఆ గడి ఖాళీగా తిరిగొచ్చింది. కొందరు "మావాడు అన్నీ తింటాడు" అని రాశారు. ఒకరు "కాకరకాయ" అని రాశారు. కాకరకాయ నాకూ సయించదు, కానీ తింటే నా పెదవులు వాచవు.

జీడిపప్పు, బాదం, పిస్తా, వేరుశెనగ, నువ్వులు, పాలు, గుడ్లు, సోయా, వీటిలో ఏది తిన్నా మీ పిల్లలకి నోరు దురద పెట్టడం, దద్దుర్లు, వాంతి, ఆయాసం వంటివి ఎప్పుడైనా కనిపించి ఉంటే దయచేసి రాయండి. జీడిపప్పు పడనివాళ్ళకి చాలాసార్లు పిస్తా కూడా పడదు. ఊపిరి అందకపోయినా, గొంతు బిగుసుకున్నట్టున్నా ఇంటి వైద్యం చేస్తూ కూర్చోకుండా నేరుగా ఆస్పత్రికి వెళ్ళాలి. "కొంచెం కొంచెంగా పెడితే అదే అలవాటవుతుంది" అని ఎవరో పెద్దవాళ్ళు చెప్పారని ఇంట్లో ప్రయోగాలు చేయకండి. అది డాక్టరు పక్కనుండి చేయించాల్సిన పని.

ఇక అసలు ఈ చాక్లెట్ల కథ. ఈ నెల 10న మాండియా దిబస, అంటే చోళ్ళ (రాగుల) దినోత్సవం, జరుపుకున్నాం కదా. 2017లో ఒడిశా మిల్లెట్ మిషన్ మొదలైనప్పుడు తొలి ఏడు జిల్లాల్లో మనదీ ఒకటి. అయినా మన పిల్లల్ని చోడిపిండి ఎలా ఉంటుందని అడిగితే సగంమంది దిక్కులు చూశారు. "అంబలి ముసలాళ్ళు తాగుతారు సార్" అన్నాడొకడు. వాళ్ళకి ఇష్టమైన దాంట్లోనే మన కొండ గింజలు కలిపి పెడితే ఎలా ఉంటుందని ఎనిమిదో తరగతివాళ్ళని అడిగాం. మా సాయం పొయ్యి దగ్గర నిలబడటం వరకే. మిగతాదంతా వాళ్ళ పెత్తనమే.

మేం కొన్నది బేకరీ సామాన్ల కొట్లో దొరికే డార్క్ కాంపౌండ్ అనే చాక్లెట్ పలక. చవక, ఎండకి తొందరగా కరగదు, పిల్లలకి పని సులువు. ముందు బెంచీ అమ్మాయి ఒకత్తి దాన్ని వెనక్కి తిప్పి గట్టిగా చదివింది: మొదటి పేరు చక్కెర, రెండోది వెజిటబుల్ ఫ్యాట్, ఆ తర్వాతెక్కడో కోకో పొడి. "ఇందులో చాక్లెట్ ఏదీ సార్?" అంది. క్లాసంతా నావైపు చూసింది. ఆ పిల్లే లెక్క కూడా వేసి చూపించింది. కోకో బటర్ (కోకో గింజల కొవ్వు) ఉన్న అసలు డార్క్ చాక్లెట్ ఖరీదెక్కువ కాబట్టి అది తక్కువ వాడి, గింజలు ఎక్కువ వేస్తే ఖర్చు దాదాపు అంతే అవుతుందట. అలాగే చేశాం. పేరు రాద్దామంటే దిష్టి తగులుతుందని వాళ్ళ నాయనమ్మగారు వద్దన్నారు. సరే, రాయడం లేదు. కానీ మా ఊళ్ళో వాళ్ళకి మాత్రం ఎవరో తెలుసు!

తెలుసుకోవాలని చాలామంది అడిగారు కాబట్టి చేసిన పద్ధతి చెప్తాను. పల్లీలు, నువ్వులు, గుమ్మడి గింజలు, జీడిపప్పు, కొరాపుట్ వైపు నుంచి ఒక పిల్లాడి మేనమామ తెచ్చిన వలిసెలు (నూనె తీసే నల్ల గింజలు), అన్నీ విడివిడిగా, నూనె లేకుండా, సన్నసెగ మీద వేయించారు. నువ్వులు చిటపటలాడగానే దించాలి, ఒక్క క్షణం ఆలస్యమైతే చేదెక్కుతాయి. గుమ్మడి గింజలు ఉబ్బి టప్పుమంటాయి. వలిసెలు ముందే నల్లగా ఉంటాయి, రంగు చూసి వేగాయో లేదో తెలియదు, వాసన పట్టుకోవాలి. అవిసె గింజలు మాత్రం వేయించి కచ్చాపచ్చాగా దంచారు, దంచకపోతే అరగకుండా అలాగే బయటికి పోతాయి. అన్నీ పూర్తిగా చల్లారాక, గిన్నెలో నీళ్ళు మరిగించి, పైన ఇంకో స్టీలు గిన్నె పెట్టి, అడుగు నీళ్ళకి తగలకుండా అందులో చాక్లెట్ ముక్కలు కరిగించారు. వంతు చాక్లెట్‌కి వంతున్నర గింజలు. స్పూనుతో బటర్ పేపర్ మీద చిన్న చిన్న కుప్పలు పెట్టి, పైన రెండు పలుకులు ఉప్పు చల్లి, ఫ్రిజ్‌లో పెట్టారు. ఎల్‌కేజీ, యూకేజీ పిల్లలకి గింజలు పూర్తిగా పొడి కొట్టి కలిపారు. ఐదేళ్ళ లోపు పిల్లలకి పలుకులు పలుకులుగా పెడితే గొంతులో అడ్డం పడతాయి. ఇంట్లో కూడా ఇది గుర్తుపెట్టుకోండి.

మధ్యలో ఎవరో తడి గరిట ముంచారు. రెండు చుక్కల నీళ్ళు పడ్డాయంతే, నున్నగా మెరుస్తున్న చాక్లెట్ కాస్తా ఇసక ముద్దలా బిగుసుకుపోయింది. పారేద్దామన్నారు అందరూ. వెనక బెంచీలో ఎప్పుడూ కిటికీలోంచి చూసే కుర్రాడొకడు "కొంచెం తడికే బిగుసుకుంది, బాగా తడిస్తే వదులవ్వొచ్చు సార్" అని వేడిపాలు కొంచెం కొంచెంగా పోసి కలిపాడు. చిక్కటి సాస్‌లా తయారైంది! దాంట్లో వేయించిన చోడిపిండి, బెల్లం తురుము, పల్లీ పొడి కలిపి లడ్డూలు చుట్టారు. చాక్లెట్ల కంటే ముందు ఖాళీ అయినవి ఆ లడ్డూలే. అంబలి ముసలాళ్ళు తాగుతారన్నవాడు మూడు తిన్నాడు. ఈ కుర్రాడికి క్వార్టర్లీలో సైన్స్ మార్కులు ఎన్నో నాకు తెలుసు, వాళ్ళ నాన్నగారికీ తెలుసు. ఆయన ఒకసారి వచ్చి నన్ను కలిస్తే మార్కుల సంగతి కాకుండా ఈ సంగతి మాట్లాడాలని ఉంది.

ప్యాకెట్ వెనకవైపు చదవడం గురించి నేను ఇదివరకూ చెప్పాను, ఇకముందూ చెప్తూనే ఉంటాను, విసుక్కున్నా సరే. మన దేశంలో ప్యాకెట్ మీద పదార్థాల పేర్లు బరువును బట్టి వరసగా రాయాలి. ఏది ఎక్కువ ఉంటే అది ముందు. ఈ ఒక్క సంగతి తెలిస్తే చాలు, ముందువైపు బొమ్మలో పొంగుతున్న పాలూ, దొర్లుతున్న బాదం పప్పులూ మనల్ని మోసం చేయలేవు. మామూలు మిల్క్ చాక్లెట్లో దాదాపు సగం చక్కెరే. రోజంతా తినే క్యాలరీల్లో విడిగా కలిపే చక్కెర వాటా 10 శాతం దాటకూడదని, 5 శాతం లోపుంటే ఇంకా మంచిదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లోనే చెప్పింది. రోజుకి 2000 క్యాలరీలు తినే పెద్దవాళ్ళకి ఆ 5 శాతం అంటే సుమారు 25 గ్రాములు, ఆరు చెంచాలు. మీ ఆరేళ్ళ పాపకి ఎంతో మీరే ఆలోచించండి. ఇంకోవైపు 100 గ్రాముల చోళ్ళలో సుమారు 350 మిల్లీగ్రాముల క్యాల్షియం ఉంటుంది, అంతే పాలల్లో 120 దాకా. ఈ చోళ్ళు మన సంతలో గోనె సంచుల్లో అమ్ముతారు, వాటికి బొమ్మ ఉండదు, ప్రకటన ఉండదు, అందుకని మన కంటికి ఆనవు. ఎక్కడో విదేశాల్లో పండిన చియా గింజల పొట్లానికి వందలు పోస్తాం, మన కొండల మీద ఈ నెలలోనే పసుపుపచ్చగా పూసే వలిసె చేలని రైలు కిటికీలోంచి ఫోటో తీసుకుని వదిలేస్తాం. ఆ గింజలు మిరపకాయతో నూరితే ఎంత రుచో మీ అమ్మమ్మల్ని అడగండి. చాక్లెట్ తినొద్దని నేను అనడం లేదు. ఏం తింటున్నారో చదివి తినమంటున్నాను. మూడో తరగతి పిల్లలు కూడా ఇప్పుడు క్యాంటీన్లో బిస్కట్ ప్యాకెట్ తిప్పి చూస్తున్నారు. మీరు కొట్లో నిలబడి "పద పద, ఆలస్యమవుతోంది" అని వాళ్ళ చెయ్యి లాగకండి.

ఇదే సందర్భంలో, ఎంతో గౌరవంతో, ఒక మాట. పుట్టినరోజు నాడు క్లాసంతటికీ చాక్లెట్ ప్యాకెట్లు పంపవద్దని గత ఏడాదే తెలియజేశాం. అయినా గేటు దగ్గర వాచ్‌మన్ చేతిలో పెట్టి "సార్‌కి చెప్పొద్దు" అని వెళ్తున్నారు. ఆయన నాకు చెప్తాడు. చెప్పడం ఆయన ఉద్యోగం. పంపాలనే ఉంటే ఇంట్లో చేసిన పల్లీ చిక్కీయో, నువ్వుండలో, పైన రాసిన చాక్లెట్లో, ముందురోజు క్లాస్ టీచర్‌కి చెప్పి, ఏమేం వేశారో చీటీ రాసి పంపండి. అలాగే "మావాడు అన్నం ముట్టడు సార్, చాక్లెట్ ఒక్కటే తింటాడు" అని చెప్పే తల్లిదండ్రులకి నా చిన్న సందేహం: రెండో తరగతి పిల్లాడికి కొట్టుకి వెళ్ళి కొనుక్కోవడానికి జీతం ఎవరిస్తున్నారు? బడి గేటు నుంచి 50 మీటర్ల లోపల కొవ్వు, ఉప్పు, చక్కెర ఎక్కువున్న తినుబండారాలు పిల్లలకి అమ్మకూడదని 2020 నాటి ఆహార భద్రత నిబంధనలు ఉన్నాయి. వాటిని అమలు చేయమని మీలో కొందరు నాకు అర్జీ ఇచ్చారు, సంతోషం. అర్జీ ఇచ్చినవాళ్ళ టిఫిన్ బాక్సుల్లో సోమవారం ఏముందో కూడా చూశాను. ఆ వివరం ఇక్కడ రాయను.

మిగతావి త్వరగా: హాఫ్ ఇయర్లీ టైమ్ టేబుల్ డైరీల్లో అతికించాం. చలి మొదలైంది, స్వెటర్ మీద పేరు రాసి పంపండి. మూడో టర్మ్ ఫీజు కౌంటరు మధ్యాహ్నం వరకే. ఆటల పోటీలకి తెల్ల బూట్లు చాలు, కొత్తవి కొననక్కర్లేదు. ఈ ఉత్తరం ఒడియా ప్రతి విడిగా వస్తుంది.

చాక్లెట్ల తయారీ ఆపేస్తారా అని అడుగుతున్నారు. ఆపం. సంక్రాంతి సెలవులకి ముందు ఏడో తరగతివాళ్ళ వంతు. ఈసారి జీడిపప్పు, బాదం, పిస్తా ఉండవు. గుమ్మడి, పొద్దుతిరుగుడు గింజలతోనూ చోడిపిండితోనూ చేస్తారు, నువ్వులున్నవి వేరే పళ్ళెంలో చీటీ పెట్టి ఉంచుతాం. అంతకుముందే కొత్త ఆరోగ్య ఫారం పిల్లల బ్యాగుల్లో పంపుతున్నాం, గులాబీ రంగు కాగితం. "పడని ఆహారం" గడిలో ఏమీ లేకపోతే "లేదు" అని రాయండి, ఖాళీగా వదలకండి. సోమవారానికి ఫారం రాని ఇంటికి క్లాస్ టీచర్ ఫోన్ చేస్తారు. దయచేసి ఫోన్ ఎత్తండి.

ఇట్లు,
మీ ప్రధానోపాధ్యాయుడు