చెవి కోసం కట్టిన రంగస్థలం

ప్రియ మిత్రమా,

నీ ఉత్తరం అందింది. స్వరం కూర్చినవారూ పాడేవారూ వాయించేవారూ వేరుగా ఉండగా ఒపేరా (పాటగా పాడే నాటకం) రికార్డుకు నిర్మాత చేసే పని ఏమిటని అడిగావు. మన సినిమా నిర్మాతలా పెట్టుబడి పెట్టడం మాత్రం కాదు. రికార్డు నిర్మాత జాన్ కల్షా గురించి చెబితే నీకు సులువుగా తెలుస్తుంది.

ఆయన 1924లో ఇంగ్లాండులోని సౌత్‌పోర్ట్‌లో పుట్టి, కొంతకాలం బ్యాంకులో పనిచేసి, యుద్ధకాలంలో నౌకాదళ విమానాల్లో నావిగేటరుగా ఉండి, 1946లో డెక్కా అనే రికార్డుల కంపెనీ ప్రచార విభాగంలో చేరాడు. అక్కడి నుంచి రికార్డింగు వైపు వచ్చాడు.

1958లో వియన్నాలోని సోఫియెన్‌సాల్‌లో, జార్జ్ షోల్టి వాద్యబృందాన్ని నడిపించగా, జర్మన్ స్వరకర్త వాగ్నర్ రాసిన 'రింగ్' నాలుగు ఒపేరాలలో మొదటిదైన 'దాస్ రైన్‌గోల్డ్' రికార్డింగు మొదలైంది. కుడి ఎడమల ధ్వనిని వేరువేరుగా వినిపించే స్టీరియో రికార్డులు అప్పుడప్పుడే బజారులోకి వస్తున్న రోజులవి. కల్షా నేల మీద అంకెలు వేసిన గళ్లు గీయించి, ఏ మాటకు ఏ గాయకుడు ఏ గడిలో నిలబడాలో ముందుగానే నిర్ణయించాడు. ఇంట్లో కూర్చుని వినేవాడికి పాత్రల నడక చెవికే తెలియాలన్నది ఆయన పట్టుదల. పాతాళంలోకి దిగే ఘట్టానికి వాగ్నర్ 18 దాగళ్లు (కమ్మరి ఇనుమును పెట్టి కొట్టే దిమ్మెలు) కావాలని రాశాడు. నాటకశాలల్లో సాధారణంగా ఏదో ఒకటి మోగించి సరిపెట్టే ఆ చోట, కల్షా 18 దాగళ్లనూ వాటిని కొట్టేవారినీ సమకూర్చాడు.

నన్ను మరింత ఆకట్టుకున్నది 1964 నాటి 'గోటర్‌డెమరుంగ్', 'రింగ్'లో చివరి ఒపేరా. అందులో నాయకుడు సీగ్‌ఫ్రీడ్ మాయా శిరస్త్రాణం పెట్టుకుని గుంటర్ అనే మరో పాత్ర రూపంలో వస్తాడు. వేదిక మీద వేషం మారినా గొంతు మారదు. కల్షా యంత్రసహాయంతో, సీగ్‌ఫ్రీడ్‌గా పాడిన వోల్ఫ్‌గాంగ్ విండ్‌గాసెన్ హెచ్చుస్థాయి గొంతుకు మంద్రపు ఛాయ తెప్పించాడు. ఇలాంటిది సంగీతానికి ద్రోహమనేవారు ఉన్నారు, నేను ఒప్పుకోను. కథ కోరిన మోసాన్ని చెవికి అందించడం కర్త ఉద్దేశానికి విధేయతే.

1965లో 'వాల్క్యూర్'తో నాలుగూ పూర్తయ్యాయి. ఈ మధ్యలోనే, 1963లో, స్వరకర్త బెంజమిన్ బ్రిటన్ తన 'వార్ రిక్వియమ్' కృతిని స్వయంగా వాద్యబృందాన్ని నడిపించి వినిపించగా, దాన్ని లండన్ కింగ్స్‌వే హాలులో రికార్డు చేశాడు. 1967లో డెక్కాను విడిచి బీబీసీ టెలివిజన్ సంగీత విభాగానికి అధిపతిగా వెళ్లాడు; 1980లో, 55 ఏళ్లకే, కన్నుమూశాడు.

ఈసారి నువ్వు వచ్చినప్పుడు ఆ దాగళ్ల ఘట్టం వినిపిస్తాను. దీపం తీసేసి విందాం. మోత దగ్గరికి వచ్చి గది నిండి, మెల్లగా వెనక్కి తగ్గిపోతుంది.

నీ
మిత్రుడు