సంఘం వెబ్‌సైట్ పద్దు: జమా ఖర్చుల వివరణ (బరంపురం)

దాతలకు, సభ్యులకు, పెద్దలకు నమస్కారం.

రక్తదానం, చలివేంద్రం, బడిపిల్లలకు పుస్తకాల పంపిణీ వివరాలు తెలుగులోనూ ఒడియాలోనూ అందరికీ అందేలా వెబ్‌సైట్ పెట్టడానికి వసూలు చేసిన సొమ్ము లెక్క ఇది. 2025 ఏప్రిల్ 1 నుంచి 2026 మార్చి 31 వరకు జమ 35,640 రూపాయలు, ఖర్చు 32,724, బ్యాంకు నిల్వ 2,916. చేతి నిల్వ లేదు. ఈ 2,916ను మిగులు అనుకోవద్దని మనవి. ఎందుకో ఖర్చు పద్దులు చూస్తే తెలుస్తుంది.

జమ

సభ్యుల చందా, 46 మంది, తలకు 500 చొప్పున: 23,000
పెద్ద బజారు వర్తకులు, ఏడుగురు కలిపి: 9,000
ఠాకురాణి యాత్ర చలివేంద్రం దగ్గర హుండీ: 3,640

హుండీ సొమ్ము మంచినీళ్ల కోసం వేసింది కదా అని ఇద్దరు సభ్యులు అడిగారు. సరైన ప్రశ్నే. హుండీ మీద ‘సంఘం సేవలకు’ అని రాసి ఉంది, చలివేంద్రం ఖర్చు అప్పటికే వేరే పద్దులో తీరింది, అందుకే ఇటు జమ కట్టాం. ఇకపై ఏ పనికి వసూలు చేస్తే హుండీ మీద ఆ పని పేరే రాస్తాం.

విదేశంలో స్థిరపడిన మన ఊరి ఆయన ఒకరు డబ్బు పంపుతానన్నారు, తీసుకోలేదు. ఆయనకు ఇప్పుడు వేరే దేశపు పౌరసత్వం ఉంది. పుట్టుకతో తెలుగువారైనా చట్టం దృష్టిలో అది విదేశీ విరాళం. విదేశీ విరాళాల చట్టం (ఎఫ్‌సీఆర్‌ఏ) కింద రిజిస్ట్రేషన్, దానికి ఢిల్లీ స్టేట్ బ్యాంకులో ప్రత్యేక ఖాతా లేకుండా పుచ్చుకోకూడదు. భారత పాస్‌పోర్టు మీదే బయట ఉద్యోగం చేస్తున్నవారు తమ సొంత సంపాదన బ్యాంకు ద్వారా పంపితే ఈ ఇబ్బంది లేదు.

ఖర్చు

డొమైన్ పేరు (సైటు చిరునామా), 3 ఏళ్లకు: 3,894
హోస్టింగ్ (సైటును ఉంచే బయటి కంప్యూటరుకు అద్దె), 3 ఏళ్లకు: 10,620
సైటు తయారీ కూలి: 9,000
పాత తెలుగు పేజీలు యూనికోడ్‌లోకి (ఏ ఫోనులోనైనా చదవగలిగే అక్షర పద్ధతిలోకి) మార్పు, 22 పేజీలు, పేజీకి 60: 1,320
ఒడియా పేజీల టైపు, ప్రూఫు, 14 పేజీలు, పేజీకి 100: 1,400
పాత ఫోటోల స్కానింగు, 210, ఒక్కోటి 5: 1,050
క్యూఆర్ స్టిక్కర్లు, 150, ఒక్కోటి 6: 900
64 జీబీ పెన్‌డ్రైవులు రెండు: 900
సైటు నడిపే సభ్యులకు శిక్షణ రోజున టీ, టిఫిన్లు: 640
తిరిగి రాని బయానా: 3,000

బయానా సంగతి ముందు చెప్పాలి. మొదట పని ఒప్పుకున్నవారు డొమైన్‌ను తమ పేరున, తమ మెయిల్‌తో రిజిస్టరు చేశారు. డొమైన్ ఎవరి ఖాతాలో ఉంటే వారిదే పెత్తనం. సైటు ఎక్కడికి తిప్పాలన్నా వాళ్ల లాగిన్ కావాలి, వేరే కంపెనీకి మార్చాలంటే అందుకు కావలసిన రహస్య సంకేతం (ఆథ్ కోడ్) వాళ్లే ఇవ్వాలి, కొత్తగా కొన్న పేరును మొదటి 60 రోజులు సాధారణంగా మార్చనివ్వరు. సంఘం ఖర్చుతో ఊరంతా ప్రచారమయ్యే పేరు ఒకరి గుప్పిట్లో ఉండకూడదని ఆ పని ఆపించి, కొంచెం వేరే పేరు కొన్నాం. ఒప్పంద పత్రం రాయించుకోకుండా 3,000 ఇవ్వడం కార్యవర్గం తప్పు. ఆ సంగతి ఒప్పుకుంటున్నాం.

ఇప్పటి పేరు డాట్ ఓఆర్జీ. సంఘం రిజిస్ట్రేషన్ పేరున, సంఘం మెయిల్‌తో కొన్నది. పాస్‌వర్డు కార్యదర్శి దగ్గర, కోశాధికారి దగ్గర సీలు కవరులో ఉంది. కొన్న వెంటనే మెయిల్ నిర్ధారణ లింకు వస్తుంది. 15 రోజుల్లో అది నొక్కకపోతే సైటు ఆగిపోతుంది. పెట్టిన కొత్తల్లోనే సైటు మాయమైందంటే చాలాసార్లు కారణం ఇదే. పునరుద్ధరణకు ఎవరి సొంత కార్డూ ముడిపెట్టలేదు. కార్డు గడువు తీరితే చెల్లింపు ఆగుతుంది, అది ఎవరూ గమనించరు.

పై రెండు పద్దుల్లో 18 శాతం జీఎస్టీ ఉంది: డొమైన్ మీద 594, హోస్టింగ్ మీద 1,620, మొత్తం 2,214. సంఘానికి జీఎస్టీ నంబరు లేదు కాబట్టి ఇది తిరిగి రాదు. సైటు తయారుచేసినవారు జీఎస్టీ పరిధిలో లేరు, ఆ 9,000 మీద పన్ను పడలేదు. ఒక కొటేషన్‌లో తాళం గుర్తు వచ్చే భద్రతా సర్టిఫికెట్టుకు 2,400 వేశారు. ఆ అంశం కొట్టేశాం. లెట్స్ ఎన్‌క్రిప్ట్ అనే సంస్థ ఇచ్చే సర్టిఫికెట్టు ఉచితం, గడువు 90 రోజులే అయినా హోస్టింగ్ వాళ్ల దగ్గర దానంతటదే కొత్తదవుతుంది.

ఎక్కువ శ్రమ పడ్డది అక్షరాల దగ్గర. మన పాత సావనీర్లు, కరపత్రాలు ‘అను’ అనే పాత రకం తెలుగు ఫాంట్లలో టైపు చేసినవి. ఆ పద్ధతిలో తెర మీద ‘అ’ కనిపించినా లోపల ఉండేది ఇంగ్లీషు అక్షరాల కోడే. ఆ ఫాంటు లేని ఫోనులో తెరిస్తే అర్థంలేని ఇంగ్లీషు ముక్కలు వస్తాయి, గూగుల్‌లో వెతికితే దొరకవు. కన్వర్టరులో వేస్తే యూనికోడ్ వస్తుంది గానీ వత్తులు పక్క అక్షరానికి అంటుకుంటాయి, కొన్ని గుణింతాలు ఊడిపోతాయి. పేజీకి 60 అంటే యంత్రానికి కాదు, ప్రతి వాక్యం పాత కాగితంతో పోల్చి దిద్దినవారికి. ‘బ్యాంక్‌లో’ వంటి మాటల్లో క్ తర్వాత కనబడని విడదీత గుర్తు పెట్టకపోతే కింద లావత్తు చేరి ‘బ్యాంక్లో’ అవుతుంది. వరుసల మధ్య దూరం అక్షరం ఎత్తుకు 1.7 రెట్లు ఉంచాం. ఇంగ్లీషు లెక్కన 1.2 పెడితే మన వత్తులు కింది వరుస గుడులకు తగులుతాయి. ఒడియాలో ‘జ’గా పలికే య వేరు, ‘య’గానే పలికేది వేరు. రెండింటికీ తేడా చిన్న గీతంతే, అందుకే ప్రూఫుకు ఒడియా మాస్టారి సాయం తీసుకున్నాం.

ఫోనులో తీసిన ఒక్క ఫోటో 4 ఎంబీ దాకా ఉంటుంది. పేజీలో పది పెడితే 40 ఎంబీ. చికిటి వైపు పల్లెల్లో సిగ్నల్ సన్నగా ఉన్నచోట ఆ పేజీ తెరుచుకోదు. అందుకే వెడల్పు 1,200 పిక్సెళ్లకు, బరువు 150 కేబీ లోపుకు తగ్గించి ఎక్కిస్తున్నాం. ఫోటో ఫైలులో తీసిన చోటు గుర్తులు దాగి ఉంటాయి, వాటిని తీసేస్తున్నాం. సాయం అందుకున్నవారి ఇల్లు ఎక్కడుందో లోకానికి తెలియనక్కరలేదు.

రక్తదాతల ఫోను నంబర్లు సైటులో పెట్టమని చాలామంది అడిగారు. పెట్టలేదు. నంబరు బయటపడితే అర్ధరాత్రి పిచ్చి ఫోన్లు వస్తాయి, ముఖ్యంగా ఆడపిల్లలకు. దళారులు కూడా వాడుకుంటారు. దాత ఫారం నింపి సమ్మతి ఇస్తే పేరు లోపలి జాబితాకే వెళ్తుంది, బయట కనిపించేది సంఘం నంబరు ఒక్కటే. ఫారంలో వయసు (18 నుంచి 65), బరువు (45 కిలోలకు తక్కువ కాకుండా), కిందటిసారి ఇచ్చిన తేదీ ఉంటాయి. మగవారికి 90 రోజులు, ఆడవారికి 120 రోజులు నిండాకే డ్యూటీలో ఉన్న సభ్యుడు పిలుస్తాడు. ఎంకేసీజీ ఆసుపత్రి నుంచి రాత్రిపూట అడిగినప్పుడు పాత నోటుబుక్కు తిరగేసే పని దీనితో తప్పింది.

స్టిక్కర్ల మీది క్యూఆర్ సంఘం ఖాతాదే. డబ్బు పంపేముందు ఫోనులో సంఘం పేరే వచ్చిందో లేదో చూడండి. దాని మీద వేరే స్టిక్కరు అంటించే మోసాలు జరుగుతున్నాయి.

2013 అక్టోబరు 12న ఫైలిన్ తుపాను గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటినప్పుడు కరెంటు, ఫోన్లు పోయినవి అందరికీ గుర్తే. సైటును ఆఫీసు కంప్యూటరులో కాకుండా బయటి హోస్టింగ్‌లో ఉంచడానికి, నెలకోసారి నకలు తీసి రెండు పెన్‌డ్రైవులను రెండు వేర్వేరు ఇళ్లలో పెట్టడానికి కారణం అదే.

ఇక నిల్వ సంగతి. డొమైన్, హోస్టింగ్ కలిపి 3 ఏళ్లకు 14,514. అంటే గడువు తీరేనాటికి మళ్లీ అంత చేతిలో ఉండాలంటే ఏడాదికి 4,838 పక్కన పెట్టాలి. మొదటి ఏడాదికే 1,922 తక్కువ పడింది. పైగా పునరుద్ధరణ ధర మొదటి ధర కంటే ఎక్కువే ఉండడం మామూలు. 50 మంది సభ్యుల్లో నలుగురి చందా, 2,000 రూపాయలు, రావలసి ఉంది. అది వస్తే ఈ ఏడాది లోటు తీరి 78 రూపాయలు నిలుస్తాయి.

వోచర్లు, బిల్లులు, బ్యాంకు పాస్‌బుక్కు ఆదివారం ఉదయం 10 నుంచి 12 దాకా సంఘం గదిలో ఉంటాయి. దాతలైనా కాకపోయినా వచ్చి చూడవచ్చు. తేడా కనిపిస్తే వోచరు నంబరుతో కాగితం మీద రాసి కోశాధికారికి ఇవ్వండి. జవాబు తర్వాతి నెల లెక్కతో కలిపి గోడ మీద పెడతాం.

— కార్యవర్గం