నెలకోసారి మారే ధర, నిమిషానికో రేటు

గవర్నర్‌పేట, విజయవాడ

ఏరా రవీ,

మొన్న ఫోన్లో "ఆయిల్ రేటు పెరిగితే విమానం టికెట్ పెరగదా మరి?" అన్నావు. కౌంటర్ దగ్గర జనం ఉండి అప్పుడు సరిగ్గా మాట్లాడలేకపోయాను. పెరుగుతుందిరా, కాదనను. విమానం నడిపే ఖర్చులో దాదాపు మూడో వంతు, ఒక్కోసారి అంతకంటే ఎక్కువే ఇంధనానికి పోతుంది. కానీ పొద్దస్తమానం ఆ స్క్రీన్ ముందు కూర్చునేవాణ్ణి, నేను చూసే రేట్లకీ ఆయిల్‌కీ పొంతన ఉండదు.

పోయిన వారం గుడివాడ వైపు నుంచి ఒక పెద్దాయన, ఆయన భార్య వచ్చారు. ఢిల్లీలో కూతురికి పురుడు. మన గన్నవరం విమానాశ్రయం నుంచి మనిషికి 7,400 చూపించాను. ఆయన అల్లుడికి ఫోన్ చేసి అడిగాడు. ఆవిడ చేతిసంచిలోంచి నోట్ల కట్ట తీసి, వేలు తడి చేసుకుని లెక్కపెడుతోంది. ఆ కాస్త సేపట్లోనే 8,650 అయింది. "ఇప్పుడేగా బాబూ అంత అన్నావు" అని నా మొహంలోకి చూసింది. నేనే మోసం చేసినట్టు తల దించుకున్నాను.

చమురు కంపెనీలు విమాన ఇంధనం ధర మార్చేది నెలకోసారి, ఒకటో తారీఖున. మరి ఆ పది నిమిషాల్లో ఏ ఆయిల్ పెరిగిందిరా? తక్కువ రేటు సీట్లు అయిపోయాయి, అంతే. అవసరం ఉన్నవాడి దగ్గర ఎంత రాబట్టవచ్చో చూసే లెక్క అది.

ఇంకోటి చూడు. మన రాష్ట్రం విమాన ఇంధనం మీద వ్యాట్ ఎప్పుడో 1 శాతానికి తగ్గించింది. తమిళనాడులో అది 29 శాతం. ఇంధనమే రేటు నిర్ణయిస్తే గన్నవరం టికెట్ ఎంత చవగ్గా ఉండాలి! అయినా మనవాళ్లు రాత్రి బస్సెక్కి హైదరాబాద్ వెళ్లి విమానం పట్టుకుంటున్నారు. అక్కడ విమానాలు ఎక్కువ, పోటీ ఎక్కువ.

2023 అక్టోబర్‌లో ఇండిగో దూరాన్ని బట్టి 300 నుంచి 1,000 దాకా ఇంధన ఛార్జీ వేసింది. ధర తగ్గిందని 2024 జనవరిలో తీసేసింది. తీసేయడం మంచి పనే. కానీ అసలు రేటు వాళ్ల ఇష్టమైనప్పుడు, ఆ డబ్బు ప్రయాణికుడి జేబుకి తిరిగొచ్చిందని ఎలా నమ్మేది? అందుకే టికెట్ మీద ఇంధనం పేరుతో వేరే ఛార్జీ ఉండకూడదంటాను. ఉంటే, తగ్గినప్పుడు ఎంత తగ్గిందో కూడా టికెట్ మీదే కనపడాలి.

లగేజీ ఛార్జీని నేను తప్పు పట్టను. బరువు పెరిగితే ఇంధనం నిజంగానే ఎక్కువ కాలుతుంది. కిటికీ పక్క సీటుకి ఏం కాలుతుంది? ఆన్‌లైన్లో డబ్బు కట్టినందుకు కన్వీనియెన్స్ ఫీజు దేనికి?

ఆ దంపతులకి నా కమీషన్ వదులుకుని టికెట్లు చేశాను. పాప పుట్టిందని నిన్న పెద్దాయన ఫోన్ చేశాడు.

సంక్రాంతికి ఎప్పుడొస్తావో ఈ వారంలోనే చెప్పు. గన్నవరం, హైదరాబాద్ రెండూ చూసి పెడతాను. అత్తయ్యగారిని అడిగానని చెప్పు.

నీ
ప్రసాద్