ఏసీ కరెంటు వాడకంపై నా ప్రశ్నకు మీ సేవా విభాగం సమాధానం ఇవ్వకపోవడం గురించి

వినియోగదారుల సేవా విభాగాధిపతి గారికి,

మార్చిలో మీ డీలరు వద్ద కొన్న ఏసీ గదిని బాగానే చల్లబరుస్తోంది. లేబుల్‌లో చూపిన దానికీ, అది వాడుకుంటున్న కరెంటుకూ ఇంత తేడా ఎందుకని అడిగితే మాత్రం, మీ వాళ్లలో ఒక్కరూ ఇప్పటివరకు సూటిగా జవాబు చెప్పలేదు.

లేబుల్ మీద ఏడాదికి 800 యూనిట్లని ఉంది. అది 1600 గంటల వాడకానికి వేసిన లెక్క కనుక, ఎనిమిది గంటల రాత్రికి సగటున 4 యూనిట్లు కావాలి. ఫ్రిజ్‌తో సహా ఇంట్లో అన్నీ కట్టేసి, ఏసీ ఒక్కటే 26 డిగ్రీల మీద ఉంచి, పడుకునే ముందూ లేచాకా రీడింగ్ రాసుకుంటే 11 యూనిట్లు తిరిగింది. ఎండాకాలంలో కొంత ఎక్కువ కాలుతుందని నాకూ తెలుసు, కానీ దాదాపు మూడు రెట్లా?

టోల్‌ఫ్రీ నంబరులో మాట్లాడిన వ్యక్తి మొదట మా మీటరే తప్పన్నారు. కరెంటాఫీసు వాళ్లు మా మీటరుతో పోల్చి చూసే చెక్ మీటరు పెట్టి, మా మీటరు సరిగానే ఉందని రాసిచ్చారు. ఆ కాగితం ఫొటో పంపాక, కావలి ఒంగోలు సర్వీస్ సెంటర్ కిందికి వస్తుందన్నారు. ఒంగోలు వాళ్లు మా పిన్‌కోడ్ నెల్లూరుదన్నారు. నెల్లూరులో ఫోనెత్తిన అమ్మాయి, గ్యాస్ తగ్గడం, నీళ్లు కారడం లాంటివి తప్ప కరెంటు వాడకం తమ కంప్యూటర్లో ఫిర్యాదుగా ఎక్కదన్నారు. చివరికి వేరే పద్దు కింద రాసుకుని, టెక్నీషియన్ ఎవరూ మా గడప తొక్కకుండానే మర్నాడు ‘పరిష్కరించాం’ అని మెసేజ్ పంపారు. నాకు అన్నిటికన్నా కోపం తెప్పించింది ఆ మెసేజే.

మరొకాయన నెలకు అదనంగా పడే 210 యూనిట్లను 6 రూపాయలతో గుణించి, ‘1,260 రూపాయలే కదా సార్’ అన్నారు. మన రాష్ట్రంలో ఇంటి కరెంటుకు ఒకటే రేటు లేదు. 2022 ఏప్రిల్‌లో వచ్చిన టారిఫ్ ప్రకారం 226 నుంచి 400 వరకు యూనిట్‌కు రూ. 8.75, ఆపైన రూ. 9.75. ఏసీ వాడకం మిగతా వాడకం మీద చేరుతుంది కనుక ఆ భారమంతా పై స్లాబుల్లోనే పడుతుంది. 300 యూనిట్ల దగ్గర ఆగాల్సిన మా బిల్లు 510కి వెళ్లింది; ఆ తేడాకే రూ. 1,947.50, సుంకం, సర్దుబాటు చార్జీలు వేరు. ఇది వివరిస్తుండగానే ఆయన ఫోన్ పెట్టేశారు.

మా నాన్నగారి కాలం నుంచి మా ఇంట్లో ఫ్రిజ్, వాషింగ్ మెషీన్ మీవే. చెల్లెలి పెళ్లికీ మీ సరుకే పెట్టాం, ఇరుగుపొరుగు చేతా నేనే చెప్పి కొనిపించాను. ఇప్పుడు వాళ్లు అడిగితే నేనేం చెప్పాలి? మీ టెక్నీషియన్ తీగలో పారే కరెంటును కొలిచే క్లాంప్ మీటరుతో వచ్చి, మా ఎదుట కొలిచి, లోపం ఉంటే సరిచేయాలి. లేదంటే ఇంత ఎందుకు కాలుతోందో సంతకం పెట్టి రాసివ్వాలి. పదిహేను రోజుల్లో అది జరగకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915లో ఫిర్యాదు చేస్తాను. అక్కడా తేలకపోతే 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం కింద నెల్లూరులోని జిల్లా కమిషన్‌కు వెళ్తాను. రీడింగుల పుస్తకం, చెక్ మీటరు కాగితం, మీ మెసేజీలు అన్నీ నా దగ్గర భద్రంగా ఉన్నాయి.

ఇట్లు,
మీ పాత వినియోగదారుడు,
కావలి, నెల్లూరు జిల్లా