కొత్త శ్రేణిలో మా ట్రెయిళ్లకు పనికొచ్చే బండి లేదు: స్నోమొబైల్ తయారీ సంస్థకు ఫిర్యాదు లేఖ

డులూత్, మినెసోటా

వినియోగదారుల సంబంధాల విభాగాధిపతి గారికి, మోడళ్ల రూపకల్పన విభాగాధిపతి గారికి,

విషయం: రాబోయే సీజన్ స్నోమొబైల్ శ్రేణి నుంచి ఫ్యాన్‌తో చల్లబడే ఇంజిన్ మోడల్‌ను, ఇద్దరు కూర్చునే టూరింగ్ మోడల్‌ను తొలగించడం గురించి, వసంతకాలపు ముందస్తు ఆర్డరు షరతుల గురించి ఫిర్యాదు.

ఆర్యా,

మేము ఉద్యోగాల నిమిత్తం వచ్చి మినియాపోలిస్, డులూత్ ప్రాంతాల్లో స్థిరపడిన తెలుగువాళ్లం, చలికాలంలో స్నోమొబైల్ (ముందు స్కీలతో, కింద తిరిగే రబ్బరు ట్రాక్‌తో మంచు మీద పోయే బండి) నడిపేవాళ్లం. మాలో చాలామంది మొదటి బండి మీ సంస్థదే, రెండోదీ మీదే. ఈ లేఖ ఇంగ్లీషు ప్రతిని మీ కార్యాలయానికి విడిగా పంపాము; తెలుగు ప్రతిని మాతో కలిసి ట్రెయిళ్ల (ఈ బండ్ల కోసం చదును చేసిన మంచు దారుల) మీద తిరిగే మిత్రులు చదివి, తమ అభిప్రాయాన్ని కూడా మీకు తెలియజేయాలన్న ఉద్దేశంతో బహిరంగంగా ఉంచుతున్నాము.

మీరు ప్రకటించిన కొత్త శ్రేణిని మేము డీలరు దగ్గర కూర్చుని మొదటి నుంచి చివరి వరకు చూశాము. అందులో కొండల మీద లోతైన పొడి మంచులో ఎక్కడానికి 154, 165 అంగుళాల ట్రాక్ ఉన్న బండ్లు రకరకాలుగా ఉన్నాయి, టర్బో ఇంజిన్లున్నాయి, 20,000 డాలర్లు దాటిన ధరలున్నాయి. మినెసోటా, విస్కాన్సిన్, మిషిగన్ ట్రెయిళ్ల మీద భార్యాబిడ్డలతో మామూలు వేగంతో తిరిగే మనిషికి ఇన్నాళ్లూ ఆధారంగా ఉన్న రెండు మోడళ్లు మాత్రం కనిపించలేదు. వాటి స్థానంలో ఏం కొనమంటారని అడిగితే డీలరు మాకు చూపించినవి రెండు: ఒకటి మా అవసరానికి మించినది, మరొకటి మా జేబుకు మించినది. పాపం, ఆయనను అనడానికి ఏమీ లేదు. మీరు పంపినదే ఆయన అమ్మగలడు.

అన్నిటికన్నా ఎక్కువగా మమ్మల్ని బాధపెట్టినది ఫ్యాన్‌తో చల్లబడే ఇంజిన్‌ను ఎత్తివేయడం. ఇది పాత వస్తువు మీది మమకారం అని మీ విభాగంలో ఎవరైనా అనుకునే అవకాశం ఉంది కనుక మా కారణాన్ని వివరంగా చెప్పుకోవలసి వస్తున్నది.

ద్రవంతో చల్లబడే ఇంజిన్ పనిచేసే తీరు మాకన్నా మీకే బాగా తెలుసు. సీటు కింద, ట్రాక్‌కు పైన ఉండే టన్నెల్ లోపలివైపు ఉష్ణ వినిమయ గొట్టాలుంటాయి. ట్రాక్ తిరుగుతూ ఎగజిమ్మే మంచు వాటికి తగిలి కరిగితేనే లోపలి ద్రవం చల్లబడుతుంది. అంటే ఆ ఇంజిన్‌కు రేడియేటరు మంచే. ట్రెయిల్ మీద వదులుగా నాలుగు అంగుళాల మంచు ఉన్నంతకాలం ఈ ఏర్పాటుకు వంక పెట్టేవాళ్లెవరూ లేరు. కానీ మంచు పడి, కరిగి, మళ్లీ గడ్డకట్టి, నేల అద్దంలా తయారైన రోజున ట్రాక్‌కు ఎగజిమ్మడానికి ఏమీ దొరకదు. అలాంటి రోజున, డులూత్ నుంచి గ్రాండ్ మరే వరకు 146 మైళ్లు సాగే నార్త్ షోర్ ట్రెయిల్ మీద, మా గుంపులోని ద్రవశీతల బండ్లకు ఉష్ణోగ్రత దీపం వెలిగింది. గడ్డకట్టిన నేలను గీకి మంచుపొడి లేపే ఐస్ స్క్రాచర్లు దించే ఉన్నాయి; అవి గీకిన మంచుపొడి వేడెక్కడాన్ని వాయిదా వేసిందే తప్ప ఆపలేదు. బండ్లు నిలిపి, ఇంజిన్లు ఆపేసి, దారి పక్కన చెట్ల నీడలో మిగిలిన మంచును చేతులతో తోడి టన్నెల్ కింద కుక్కవలసి వచ్చింది. చుక్కలు చుక్కలుగా నీరు కారుతూ, ఆవిరి లేస్తూ, దీపం ఆరేవరకు నిలబడ్డాము. అదే గుంపులో మీ సంస్థ తయారుచేసిన పాత ఫ్యాన్ బండి ఒకటి ఉంది. దాని యజమాని దిగలేదు. దిగవలసిన అవసరం ఆయనకు రాలేదు.

నిజం చెప్పాలంటే ఫ్యాన్ బండికీ మంచు అక్కర్లేకుండా పోదు. ట్రాక్ లోపలి పట్టాల మీది ప్లాస్టిక్ స్లైడర్లకు మంచే కందెన. ఉత్త ఐసు మీద ఎక్కువ దూరం పోతే అవి ఏ బండిలోనైనా అరుగుతాయి, కరుగుతాయి. అయినా ఇంజిన్ మాడిపోతుందన్న భయంతో నడవడం వేరు, స్లైడర్లు మార్చుకోవలసి వస్తుందేమోనన్న అనుమానంతో నడవడం వేరు. రెండో ఖర్చును మేము భరించగలము.

ఈ మాటను మేము ఇప్పుడే ఎందుకు గట్టిగా అంటున్నామంటే, మంచు తగ్గుతున్న చలికాలాలను మేము కళ్లారా చూస్తున్నాము. 2023-24 చలికాలం మినెసోటా రికార్డుల్లోకెల్లా వెచ్చనిది. డులూత్ నుంచి లేక్ సుపీరియర్ తీరం వెంట సాగే జాన్ బేర్‌గ్రీజ్ స్లెడ్ కుక్కల పందెమే 2024లో మంచు లేక రద్దయింది. మంచు పల్చబడుతున్న కాలంలో, పల్చటి మంచుకు తట్టుకునే ఇంజిన్‌ను తీసివేసి, లోతైన మంచుకు మాత్రమే పనికొచ్చే బండ్లను పెంచుకుంటూ పోవడంలోని తర్కం మాకు అర్థం కాలేదు. మూడు అంగుళాల ఎత్తు లగ్గులు (మంచును పట్టే రబ్బరు పళ్లు) ఉన్న కొండ బండి ట్రాక్‌ను గట్టి ట్రెయిల్ మీద నడిపితే ఆ లగ్గులు వంగి, వేడెక్కి, చీలిపోతాయని మీ డీలర్లే హెచ్చరిస్తారు. కనుక పెద్ద బండి కొనుక్కుని చిన్న పనికి వాడుకోండి అనే సలహా కూడా ఇక్కడ చెల్లదు.

ఉద్గార నియమాల వల్ల ఈ ఇంజిన్‌ను కొనసాగించలేకపోయామని డీలరు ద్వారా మాకు చెప్పించారు. అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ స్నోమొబైళ్లకు పెట్టిన నియమాలు ఒక్కో ఇంజిన్‌ను విడిగా కాక, తయారీదారు మొత్తం శ్రేణి సగటును లెక్కలోకి తీసుకునే వెసులుబాటు ఇస్తున్నాయి. శుభ్రమైన ఫోర్ స్ట్రోక్ ఇంజిన్లు మీ శ్రేణిలో ఇప్పటికే ఉన్నాయి కదా. వాటి సగటులో తక్కువ సంఖ్యలో అమ్ముడయ్యే ఒక ఫ్యాన్ మోడల్‌కు చోటు లేకపోయిందంటే, అది నియమం చేసిన నిర్ణయమో మీరు చేసిన నిర్ణయమో స్పష్టంగా చెప్పండి. తక్కువ అమ్ముడవుతున్నది గనుక తీసేశామని నేరుగా అంటే దానికి మా జవాబు మేము చెప్పుకుంటాము.

ఈ మోడల్‌తో పాటు పోయినది మరొకటుంది. పిల్లలకు మీరు అమ్మే చిన్న బండి మీద నేర్చుకున్న కుర్రవాడు, కుర్రది, పదమూడు పద్నాలుగేళ్లు వచ్చి దాని మీద మోకాళ్లు పట్టనప్పుడు తరువాతి మెట్టుగా ఎక్కేది ఈ ఫ్యాన్ బండే. భద్రతా శిక్షణ పూర్తిచేసి సర్టిఫికెట్ చేతికొచ్చిన పిల్లలను నేరుగా 600 సీసీ ద్రవశీతల ఇంజిన్ మీద కూర్చోబెట్టమని మీరు చెప్పరు, మేము కూర్చోబెట్టము. మినెసోటా ట్రెయిళ్ల మీద వేగ పరిమితి గంటకు 50 మైళ్లు. ఆ పరిమితిని మూడో వంతు థ్రాటిల్‌తోనే దాటే బండిని పద్నాలుగేళ్ల పిల్లవాడి చేతిలో పెట్టే తల్లిదండ్రులు మా ఇళ్లలో లేరు.

ఇక ఇద్దరు కూర్చునే టూరింగ్ బండి సంగతి. వెనుక కూర్చునే మనిషికి వీపు ఆనించుకునే సీటు, చేతులకు వేడినిచ్చే పట్టీలు, కాళ్లకు గాలి తగలకుండా మలిచిన అంచు, ఇవన్నీ అలంకారాలు కావు. మా ఇళ్లలో ఆడవాళ్లలో కొందరు స్వయంగా నడుపుతారు, కొందరికి వెనుక కూర్చోవడమే ఇష్టం. రాజమండ్రి నుంచో ఖమ్మం నుంచో చలికాలంలో చూడటానికి వచ్చిన పెద్దవాళ్లను, నాలుగు స్వెట్టర్లు తొడిగి, హెల్మెట్ పెట్టి, ఒక్కసారి గడ్డకట్టిన చెరువు మీదికి తీసుకుపోవడం ఈ దేశంలో మాకు మిగిలిన పండుగల్లో ఒకటి. ఒక్కరి సీటు మీద ఇద్దరిని ఇరికించడం ప్రమాదమని బండితో మీరిచ్చే సూచనల పుస్తకమే చెబుతున్నది. ఇద్దరి సీటున్న బండిని మాత్రం మీరు అమ్మడం మానేశారు. ఈ సీటును విడి సామగ్రిగానైనా ఇస్తారా అని అడిగితే, కొత్త ఛాసిస్‌కు అది అమరదన్న సమాధానం వచ్చింది.

కొత్త బండ్ల డిస్‌ప్లే గురించి ఎక్కువ రాయము. చక్కటి తెర, పెద్ద మ్యాపు, బాగున్నాయి. కానీ మైనస్ 25 డిగ్రీల సెల్సియస్ చలిలో, మందపాటి గ్లౌజు వేసుకున్న వేలితో, ఊపిరి ఆవిరి పేరుకున్న తెర మీద చేతి వేడిని పెంచే గుర్తును వెతుక్కోవలసి రావడం కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్లు ఉంది. చలికి వేళ్లు కొంకర్లు పోతేనే కదా ఆ వేడిని పెంచుకోవాలనిపించేది! పాత మోడళ్లలో ఇది బొటనవేలి కింద ఉండే ఒక మీట. దాన్ని తిరిగి పెట్టండి. తెరను కూడా ఉంచుకోండి.

వసంతకాలపు ఆర్డరు విధానం మరో పెద్ద ఇబ్బంది. గత చలికాలపు మంచు ఇంకా పూర్తిగా కరగకముందే, వచ్చే చలికాలం ఎలా ఉంటుందో దేవుడికి తప్ప తెలియని సమయంలో, కొన్ని వారాల గడువు పెట్టి, తిరిగి ఇవ్వని అడ్వాన్సు కట్టించుకుని బండ్లు అమ్ముతున్నారు. ఈ విధానం కొత్తది కాదు. ఉత్పత్తిని అంచనా వేసుకోవడానికి మీకు అది ఉపయోగపడుతుందన్న సంగతీ మాకు తెలుసు. కానీ గతంలో వసంతకాలంలో ఆర్డరు చేసినవారికి దొరికేది అదనపు రంగు, మెరుగైన సస్పెన్షన్, ఎక్కువ వారెంటీ. ఇప్పుడు 137 అంగుళాల ట్రాక్‌తో, 1.25 అంగుళాల లగ్గుతో, ట్రెయిల్‌కు సరిగ్గా సరిపోయే కూర్పు కావాలంటే కూడా వసంతకాలంలోనే ఆర్డరు చేయాలి. నవంబరులో షోరూముకు వెళ్లినవాడికి మిగిలేది ఎవరికీ అక్కర్లేని కూర్పులే. పైగా, ఒప్పందం ప్రకారం చలికాలం మొదలయ్యేలోగా రావలసిన బండి జనవరి మధ్యలో వచ్చిన సందర్భం మా గుంపులో ఉంది. రాష్ట్ర సాయంతో నడిచే ఇక్కడి ట్రెయిళ్లు డిసెంబరు 1న తెరిచి ఏప్రిల్ 1న మూసివేస్తారు. అందులోనూ నిజంగా మంచుండే వారాలు లెక్కపెట్టుకోదగినన్ని. సగం సీజను పోయాక వచ్చిన బండికి పూర్తి ధర తీసుకోవడమే కాక, ఆలస్యానికి ఒక్క ముక్క క్షమాపణ కూడా మీ సంస్థ నుంచి రాలేదు.

మీ లెక్కల్లోకి రాని విషయం ఒకటి ఇక్కడ చెప్పాలి. మినెసోటాలో 22,000 మైళ్లకు పైగా ఉన్న స్నోమొబైల్ ట్రెయిళ్లలో అత్యధిక భాగాన్ని చదును చేసి, పడిన చెట్లు కోసి, బోర్డులు పాతి నిర్వహించేది స్థానిక క్లబ్బుల స్వచ్ఛంద సభ్యులు. వారికందే ప్రభుత్వ సాయం బండ్ల రిజిస్ట్రేషన్ రుసుము నుంచి, పెట్రోలు పన్నులోని వాటా నుంచి వస్తుంది. కొండల్లో టర్బో బండి నడిపే యువకుడు ఈ ట్రెయిళ్ల మీదికి రాడు. వచ్చేది కుటుంబాలతో తిరిగే మాలాంటివాళ్లు. మాకు కొనదగిన బండి లేకపోతే రిజిస్ట్రేషన్లు తగ్గుతాయి, క్లబ్బు చేతిలో డబ్బు తగ్గుతుంది, ట్రెయిల్ పాడవుతుంది, ఆ తరువాత మీ ట్రెయిల్ మోడళ్లు కొనేవారూ ఉండరు. ఒకప్పుడు వందకు పైగా తయారీదారులున్న ఈ రంగంలో ఇప్పుడు వేళ్ల మీద లెక్కించదగినవారే మిగిలారు. 1968 నుంచి ఈ బండ్లు తయారుచేసిన యమహా కూడా ఇక్కడి మార్కెట్టుకు 2025 మోడళ్లే చివరివని 2023లో ప్రకటించింది. వినియోగదారుడికి వేరే దారి లేదన్న ధైర్యంతో శ్రేణిని కుదించుకుంటే, అతను మరో కంపెనీకి పోడు. పాత బండినే బాగుచేయించుకుంటూ కూర్చుంటాడు, లేదా ఈ సరదానే మానుకుంటాడు.

కాబట్టి మా అభ్యర్థనలు ఇవి. ఫ్యాన్‌తో చల్లబడే ఇంజిన్‌ను కనీసం ఒక్క మోడల్‌లోనైనా, ఇంధన ఇంజెక్షన్‌తో, రివర్సుతో, 137 అంగుళాల ట్రాక్ మీద కొనసాగించండి. అది వెంటనే సాధ్యం కాదంటే, ఇప్పటికే మా దగ్గరున్న బండ్లకు సిలిండర్లు, పిస్టన్లు, ఫ్యాన్ బెల్టులు, హౌసింగులు పదేళ్ల పాటు అందిస్తామని రాతపూర్వకంగా హామీ ఇవ్వండి. కొత్త ఛాసిస్‌కు అమరే రెండో సీటును, వెనుక మనిషికి వేడి పట్టీలతో సహా, విడి సామగ్రిగా తీసుకురండి. ట్రెయిల్ కూర్పును వసంతకాలపు ఆర్డరుకే కట్టిపడేయకుండా ప్రతి డీలరుకూ కొన్ని పంపండి. డిసెంబరు 15 తరువాత చేతికొచ్చిన ముందస్తు ఆర్డరు బండిని వద్దనుకునే హక్కు కొనుగోలుదారుకు ఉండాలి, అప్పుడు అడ్వాన్సు పూర్తిగా తిరిగి రావాలి. చేతి వేడికి మీట పెట్టడం వీటిలో అన్నిటికన్నా చవకైన పని. కనీసం అది ఈ సంవత్సరమే చేయవచ్చు.

ప్రస్తుత వసంతకాలపు ఆర్డరు గడువు ముగిసేలోగా మీ సమాధానం అందితే, అడ్వాన్సు కట్టాలో వద్దో మాలో ఇంకా తేల్చుకోని నాలుగైదు కుటుంబాలు దాన్ని బట్టి నిర్ణయించుకుంటాయి. జనవరిలో బండి అందిన మిత్రుడి ఆర్డరు పత్రం, డెలివరీ రసీదు నకళ్లను ఇంగ్లీషు ప్రతికి జతచేశాము.

ఇట్లు,
భవదీయులు,
డులూత్, మినియాపోలిస్ ప్రాంతాల తెలుగు స్నోమొబైల్ రైడర్లు