మల్లేశ్వరం అంకుల్ గారికి

అమ్మకి ఇంట్లోనే పెరిటోనియల్ డయాలసిస్ (కిడ్నీలు చేయాల్సిన పని పొట్ట ద్వారా చేయించడం) నడుస్తోంది. ఇప్పుడు నిలకడగా ఉంది. ఫోన్లు చేసినవాళ్ళకి జవాబివ్వలేకపోయాను, సరిగ్గా నిద్రపోయి ఎన్నాళ్ళయిందో. కానీ ఈ అంకుల్ గురించి రాయకుండా పడుకోలేను.

మెషీన్ మీద డయాలసిస్ చేస్తుంటే అమ్మకి బీపీ పడిపోయేది. అందుకే పొట్టలో ట్యూబ్ వేసి సీఏపీడీ, అంటే మెషీన్ లేకుండా చేత్తోనే చేసుకునే పెరిటోనియల్ డయాలసిస్, మొదలుపెట్టారు. రోజుకి 4 సార్లు, ఒక్కోసారి 2 లీటర్ల మందునీళ్ళు లోపలికి పంపి, కొన్ని గంటలు ఉంచి, బయటికి తీసేయాలి. ఇంటికొచ్చిన కొత్తలోనే ఆ మందునీళ్ళ బ్యాగుల డెలివరీ ఆగిపోయింది. నేను హాస్పిటల్ వరండాలో ఫోన్ పట్టుకుని ఏడుస్తుంటే పక్కనున్న పెద్దాయన విన్నారు. ఈమధ్యే వాళ్ళావిడ పోయారట. మిగిలిన బ్యాగులు ఎవరికైనా పనికొస్తాయేమో కనుక్కుందామని వచ్చారట.

ఆ సాయంత్రమే బెంగళూరులో మల్లేశ్వరం నుంచి రామమూర్తినగర్ దాకా ఆటోలో పెట్టెలు తెచ్చారు. కళ్ళజోడు పెట్టుకుని ఒక్కో బ్యాగు మీద ఎక్స్‌పైరీ తేదీ చదివి, సీల్ నొక్కి చూసి, హాస్పిటల్ నర్సుకి ఫోన్ చేయించి అడిగాకే నా చేతికిచ్చారు. ఫ్యాన్ ఆపించారు, కిటికీ మూయించారు, మాస్కు పెట్టుకుని నాతో పాటు చేతులు కడుక్కున్నారు. పొట్టలోంచి బయటికొచ్చిన నీళ్ళ బ్యాగు కింద పేపర్ పెట్టి, "అక్షరాలు కనిపిస్తున్నాయా? మసగ్గా ఉంటే తెల్లారేదాకా ఆగొద్దు, వెంటనే హాస్పిటల్‌కి పో" అన్నారు. డబ్బులివ్వబోతే, "టెన్షన్ మాడ్కోబేడమ్మా (టెన్షన్ పడకమ్మా), ఇవి మా ఆవిడవి" అన్నారు. అప్పుడిక నావల్ల కాలేదు. అమ్మ ముందే ఏడ్చేశాను.

ఒక్కమాట మాత్రం అడగాలి. మా ఇన్సూరెన్స్ వాళ్ళు హాస్పిటల్లో చేరితేనే డబ్బులిస్తామంటున్నారు. ఇంట్లో వాడే బ్యాగులకి ఒక్క రూపాయి రాదట. జాతీయ డయాలసిస్ పథకం 2016లో వచ్చింది, 2019లో పెరిటోనియల్ డయాలసిస్‌కీ మార్గదర్శకాలిచ్చారు. మరి మాలాంటివాళ్ళం నెలనెలా బ్యాగులకి ఎందుకు ఇలా వెతుక్కోవాలి?

మా ఆయన, తమ్ముడు, వదిన అందరూ రాత్రీ పగలూ ఉన్నారు. వాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు.

అయ్యో, అర్ధరాత్రి ఫోన్ ఎత్తిన డయాలసిస్ నర్సక్కకి, పెట్టెలు మూడో అంతస్తుకి మోసిన ఆటో అన్నకి, బ్యాగులు వేలాడదీయడానికి గోడకి కొక్కెం కొట్టిచ్చిన కింది ఇంటి ఓనర్ గారికి కూడా థాంక్స్. పక్కింటి మలయాళీ ఆంటీ ఉప్పు తక్కువేసి వండి పంపిన కూరలు కూడా రాయాల్సింది, మర్చిపోయాను.