ముందు కొండనాలుక చూడరా

ఒరే సూరీ,

నిన్న ఫోన్‌లో చిన్నోడు కబుర్లు చెప్తుంటే ముచ్చటేసింది కానీ, వాడు "పప్పు"ని "మమ్ము" అన్నాడు చూడు, అక్కడ ఆగిపోయాను. మా చిట్టి అచ్చం అలాగే పలికేది. పైగా గురక, చెవిలో నీరు అని ముక్కు వెనక ఉండే కండలు, అదే అడినాయిడ్స్, తీయించడానికి డేట్ తీసుకున్నామన్నావు, అప్పటినుంచీ ఒకటే టెన్షన్. అవి పెరిగి ముక్కు మూసుకుపోతే మామూలుగా "అమ్మ" "అబ్బ"లా వినబడాలిరా, వీడిది తిరగబడి ఉంది.

అంగిలి చీలికంటే పైకి కనబడేదే అనుకుంటాం. పైన పొర బాగానే ఉండి, లోపల కండరం మాత్రం మధ్యలో కలవని రకం కూడా ఉంది. మా దానికి నెలల పిల్లప్పుడు పాలు ముక్కులోంచి వచ్చేవి, ఎక్కువ తాగిందేమో అనుకున్నాం. తర్వాత చెవుల్లో నీరు. మాట స్పష్టంగా రావాలని అమ్మ వస కూడా పోసింది. అలా ఐదేళ్లు పోయాయి, ఇప్పటికీ బాధే.

చివరికి ఒక స్పీచ్ థెరపిస్ట్ దాని ముక్కు కింద చిన్న అద్దం పెట్టి "పా పా పా" అనమంది. అద్దం మసకబారింది! "ప" అన్నప్పుడు గాలి ముక్కులోకి రాకూడదు కదా. తర్వాత టార్చి వేసి నాకే చూపించింది: కొండనాలుక చివర రెండుగా చీలి ఉంది, అంగిలి మధ్యలో నీలిఛాయ గీత. గట్టి అంగిలి వెనక అంచున ఆవిడ వేలికి చిన్న నొక్కు తగిలింది. 1954లో కాల్నన్ అనే సర్జన్ చెప్పిన మూడు గుర్తులూ ఇవేనట. కొండనాలుక చీలిన అందరికీ ఇబ్బంది ఉండదు, ఈ గుర్తులేవీ లేకుండానూ లోపం ఉండొచ్చు, అప్పుడు ముక్కులోంచి సన్నటి కెమెరా వేసి మాట్లాడిస్తూ చూస్తారు.

నా భయం ఎందుకంటే, ఇలాంటి పిల్లల్లో అంగిలి ఆ అడినాయిడ్స్‌కి ఆనుకునే ముక్కు దారిని మూస్తుంది. అవి తీసేస్తే మాట ఇంకా ముక్కులోకి పోవచ్చు, కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టు.

చిట్టికి ఫర్లో పద్ధతిలో ఆపరేషన్ చేసి, కండరాల్ని వెనక్కి తిప్పి ఒకదానిమీద ఒకటి కుట్టారు. తర్వాత నెలల తరబడి స్పీచ్ థెరపీ. అంతకుముందు ఎన్ని బెలూన్లు ఊదించామో, ఏం లాభం, కండరమే కలవలేదాయె.

ఈ రాత్రే టార్చి వేసి చూడు. వాడు ఏడుస్తాడని వదిలెయ్యకు, చెల్లెమ్మని ఒళ్లో కూర్చోబెట్టుకోమను. ఏం కనబడినా కనబడకపోయినా డేట్ వాయిదా వేయించి, అంగిలి చీలికలు చూసే డాక్టర్‌కి ఒకసారి చూపిద్దాం, నేనూ వస్తాను. ఫోన్ పక్కనే పెట్టుకుంటా, ఎంత రాత్రయినా చెయ్యి.

నీ
రవి